తన్నులు తినే పని

“ఈడ కోచింగ్ సెంటరు పెట్టిన ఆ ఫణీంద్రగాడు నా కొంప ముంచిండు! పశువుల డాక్టరువైతవనుకుంటే, అమీర్‌పేటల నీకు ఏఐ క్లాసులేందే?” మెట్రో మెట్ల కింద ఐలయ్య బిడ్డను నిలదీసిండు.

“ఆయన్నెందుకు తిడతవు బాపు? మొన్న కాలేజీల నేను చెయ్యి పెట్టి చూసి, బర్రె సూడిది కాదు, కడుపుతోని లేదన్న. కంప్యూటరు స్కానింగ్ బొమ్మ చూసి సూడిదన్నది. అదే నిజమైంది.”



“నాలుగేండ్లు సదివి ఓడిపోయినవా? బర్రె తంతే గా కంప్యూటరు తట్టుకుంటదా?”

“తన్నులు తినేటందుకే మనం మిగులుతమని మా క్లాసోళ్లు నవ్వుకుంటున్నరు.”

“అన్నీ అదే చెప్తే ఇగ నువ్వెందుకే?”

“మేమందరం గదే అడుగుతున్నం బాపు.”

“నీ సీటుకని భూమి అమ్మకముందే అడగకపోతివి బిడ్డా! రెండెకరాల పది గుంటలు పాయె.”