గంట ఎవరి చేతికి

నాటకమంటే ప్రాణమని చెప్పుకునేవాళ్ళకు తాడేపల్లిగూడెంలో కొదవలేదు. తెర వెనక నిలబడి చెమటోడ్చేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. హేమంత్‌కుమార్ మొదటి రకంలో మొదటివాడు. అయినా ముప్పయ్యేళ్ళుగా తాను స్టేజి మేనేజరునని చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ఆయన మాట మధ్యలో ఎక్కడో ఊపిరి పీల్చుకోవాలి. ఆయన పీల్చుకోడు.

శుక్రవారం నుంచి మూడు రోజులు నాటక పోటీలు. పోటీల కార్యదర్శి విశ్వతేజ కాలేజీలో పాఠాలు చెప్పుకునే కుర్ర లెక్చరర్. స్టేజి బాధ్యత ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికి బుధవారం మధ్యాహ్నం హాలు ఎదురుగా ఉన్న సీమోను టీ కొట్టులో కూర్చున్నాడు. బల్ల మీద ఇత్తడి గంట పెట్టుకున్నాడు. అది ఎవరి చేతికి వెళితే ఆ మూడు రోజులూ తెర వెనక వాళ్ళదే పెత్తనం. వేషగాళ్ళందరూ సిద్ధమో కాదో చూసి మొదటి గంట, రెండో గంట, మూడో గంట కొట్టాలి. మూడో గంట తర్వాత తెర లేస్తుంది. ఆపైన ఎవరి మీసం జారినా, ఎవరి కిరీటం ఊడినా సర్దడానికి ఎవరూ ఉండరు.

రాజరత్నం ఉంగుటూరు నుంచి ఆటోలో వచ్చి బెంచీ చివర కూర్చుంది. అరవై నాలుగేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు నాటక సమాజానికి బట్టలు కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, వేషగాళ్ళకు తొడిగిన చేతులు ఆవిడవి. ఆదివారం నాటకంలో ఆవిడ కోడలు క్రిస్టినా మొదటిసారి రాణి వేషం కడుతోంది. గంట ఎవరి చేతికి పోతుందో తేలకుండా ఇంటికి రానని కోడలికి చెప్పి మరీ వచ్చింది. పాలు మరిగే గిన్నె వెనక గోడకు, ఆవిరి పట్టి మసకబారిన ఫొటో ఒకటి వేలాడుతోంది. ఎప్పటిదో ఆకివీడు నాటకం ఫొటో. రాజరత్నం దానివైపు ఒక్కసారి చూసి తల తిప్పేసుకుంది.

గంట మీద కన్నేసి ముందే వచ్చి విశ్వతేజ ఎదుట కూర్చున్న హేమంత్‌కుమార్ చొక్కా చెయ్యి పైకి లాగి, బంగారు రంగు వాచీ నలుగురికీ కనబడేలా టీ గ్లాసు అందుకున్నాడు.

"టైమంటే నేనండి, నేనంటే టైమండి. మీరు చిన్నవారు విశ్వతేజ గారూ, మీకు తెలీదు. స్టేజి మేనేజరంటే గంట కొట్టేవాడు అనుకుంటారు జనం. ఇదుగో, సీమోను గోడకి పెట్టుకున్నాడే ఫొటో, ఆ ఆకివీడు నాటకం సంగతే వినండి. సాయంత్రం ఐదింటికి తెర లేవాలి. నాలుగున్నరకి నేను వెళ్ళి తలలు లెక్కెట్టుకుంటే ఒక తల తక్కువైందండి. ఎవరా అని చూస్తే హార్మోనియం ఆయన లేడు. ఎదురు హోటల్లో కూర్చుని పెసరట్టు తింటున్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పెట్టె ముందు కూలేశాను. ఇదేం పెద్ద గొప్ప కాదండి."

"అవునండి, అది ఎవరైనా చేస్తారు," అన్నాడు సీమోను టీ తిరగబోస్తూ.

పెసరట్టు మాట నిజమే. తిన్నదెవరో రాజరత్నానికి తెలుసు. ఆ సాయంత్రం రాణి వేషం కట్టిన జ్ఞానప్రసూనాంబ తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది. హార్మోనియం ఆయన మూడున్నర నుంచీ పెట్టె ముందే ఉన్నాడు. ఉల్లిపాయ ఎక్కువ వేయించుకుని రెండు పెసరట్లు తిన్నది ఇదిగో ఈ మనిషి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? జ్ఞానప్రసూనాంబ గారికి ఏడుపు రాలేదు. రెండో రంగమంతా ఏడుపేనండి ఆవిడకి. ఆ పొద్దున్నే మనవడు పుట్టాడని కబురొచ్చిందంట, ఎంత ప్రయత్నించినా మొహం నవ్వుతోంది. మరి సిద్ధం చెయ్యాల్సిన పూచీ ఎవరిది? నాది. రోడ్డు మీదికి పరిగెత్తి, గూడెం నుంచి వస్తున్న ఉల్లిపాయల లారీని ఆపాను. రెండు వందల బస్తాలండి. స్టేజి వెనక దింపించి, ఒక్కణ్ణే, చిన్న చాకుతో, పావుగంటలో తరిగేశాను."

"రెండు వందల బస్తాలా?" అన్నాడు విశ్వతేజ.

"పావుగంటని ఎక్కువే చెబుతున్నానండి. ఆవిడ ఏడ్చింది. టిక్కెట్లు చింపేవాడు ఏడ్చాడు. గాలి అటు తిరిగిందండి, చేపల చెరువుల మీద కాపలావాళ్ళు ఏడ్చారు, చేపల లారీల డ్రైవర్లు బళ్ళు పక్కకి ఆపుకుని మరీ ఏడ్చారు. మర్నాటికి కొల్లేరు రెండడుగులు పెరిగింది. ఎండాకాలమండి బాబూ, చుక్క వాన లేదు!"

"కన్నీళ్ళు కదండీ, నీళ్ళు ఉప్పెక్కలేదా?" అన్నాడు సీమోను మొహం మామూలుగా పెట్టి.

"ఎక్కాయి! అందుకే కదయ్యా ఆ ఏడు రొయ్యలు అంత బాగా ఎదిగాయి! ఆ సంగతి ఒక్క రైతైనా నాకు చెప్పాడా? చెప్పడు. విశ్వాసం లేని లోకమండి."

టీ తాగడానికొచ్చి బెంచీ మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. నవ్వు వినగానే ఆయనకి ఇంకో రెండు ఊపిరితిత్తులు మొలిచినట్టయింది.

"ఇంకా తెర లేవలేదండోయ్. ఇంతలో కిరీటాల పెట్టె లేదన్నారు. ఏమైంది? రైల్లో మరిచిపోయారు. రైలు అప్పటికే భీమవరం దారి పట్టింది. జేబులోంచి ఈల తీసి ఒక్క ఊపు ఊదాను. రైలు ఆగిందండి. ఆగడమేంటి, వెనక్కొచ్చింది. కానీ స్టేషనుకి వెళ్ళొచ్చే టైమేదండీ? తల ఎత్తి చూస్తే కొల్లేరు గూడబాతులు పోతున్నాయి. రెండో ఈల ఊదాను. పన్నెండు గూడబాతులు దిగి, పెట్టెని మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి, వరసలో నిలబడ్డాయండి హాజరు వేయించుకోడానికి. ఒకటి నోట్లో చేపతో వచ్చింది. దాన్ని మాత్రం బయటికి పంపేశాను. నా దగ్గర క్రమశిక్షణ అంటే క్రమశిక్షణే. కిరీటం నుంచి కాలి గోరు దాకా నేను చూడనిదే ఒక్కడు కూడా స్టేజి ఎక్కడండి. ఈ కళ్ళు దాటి గుండుసూది పోదు."

రాజరత్నం గ్లాసు బెంచీ మీద పెట్టింది. వేషగాణ్ణి సిద్ధం చెయ్యడానికి ఈలలూ లారీలూ అక్కర్లేదు. ముందు చేతులు చాపించాలి. తర్వాత కాళ్ళు చూడాలి. కళ్ళజోడు తీయించాలి. చివర్లో వాడి మొదటి మాట వాడి చేతే పలికించాలి. మనిషికి అర నిమిషం. ఇరవై ఏళ్ళు ప్రతి నాటకానికీ మొదటి గంటకు ముందు ఆవిడ చేసిన పని అది. మేనేజరనే పేరు ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు. బట్టలావిడ అనేవాళ్ళు. ఆకివీడు నాటకం నాడు ఒక్కనాడే ఆవిడ లేదు. టైఫాయిడ్‌తో ఉంగుటూరులో మంచం పట్టి ఉంది.

"ఇదంతా ఒకెత్తు, అసలు సంగతి ఒకెత్తండి," హేమంత్‌కుమార్ గొంతు తగ్గించాడు. "రాజు వేషగాడు ఏలీయా అని ఉండేవాడు. తాపీ పని. గొంతు అంటే అదండి గొంతు! ఐదుకి పది నిమిషాలుందనగా కబురొచ్చింది, ఏలీయా పోయాడని. గుండాగిపోయిందట."

సీమోను చేతిలో టీ ధార ఆగింది. "హేమంత్‌కుమార్ గారూ, ఇక చాలండి," అన్నాడు. ఆ మాట అంటూ బెంచీ చివరన ఉన్న రాజరత్నం వైపు చూశాడు.

"చాలడమేంటయ్యా, ఇప్పుడే కదా మొదలు! స్కూటరెక్కి వెళ్ళేసరికి చితి మీద పెట్టేశారండి. నిప్పు కూడా అంటించారు. బంధువులు గొల్లుమంటున్నారు. నేను పక్కన నిలబడి, ఇదే గంట, ఈ గంటే, గణగణ కొట్టాను. 'ఏలీయా, మొదటి రంగం నీదే. చస్తే తెర పడ్డాక చావు' అన్నాను. లేచి కూర్చున్నాడండి! బూడిద దులుపుకుని నా స్కూటరు వెనకెక్కాడు. దార్లోనే రంగు పూసి, తలనుంచి కాళ్ళ దాకా చూసుకుని, మూడో గంటకి స్టేజి మీద నిలబెట్టాను. పద్యం పద్యానికీ వన్స్‌మోర్! మంగళం పాడేశాక చేతులు కట్టుకుని నా దగ్గరికొచ్చి, 'ఇక వెళ్ళిరానాండి?' అని అడిగాడు. 'వెళ్ళిరా' అన్నాను. వెళ్ళి మళ్ళీ పడుకున్నాడు. నేను ఊ అనందే నా వేషగాడు చావడానిక్కూడా వీల్లేదండి."

విశ్వతేజ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "కోతల సంగతి ఎలా ఉన్నా, ముప్పయ్యేళ్ళ అనుభవం కదండీ," అంటూ గంటని బల్ల మీద సగం దూరం జరిపాడు. హేమంత్‌కుమార్ వేళ్ళు దాని పిడి దాకా వచ్చేశాయి.

"ఒక్క మాటండి," అంది రాజరత్నం. "ఏలీయాది ఏ ఊరండి?"

"ఆ... ఇటేపేనండి. ఏదో పల్లెటూరు. ఎందరొస్తారో, ఎందరు పోతారో, ఊళ్ళేం గుర్తుంటాయండి?"

"ఉంగుటూరండి. నా పెనిమిటి."

గిన్నెలో పాలు పొంగొచ్చాయి. సీమోను మంట తగ్గించాడు.

"ఆయన ఆ రోజు చావలేదండి. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. పోయినప్పుడు కాల్చలేదు, చర్చి వెనక సమాధి చేశాం. మన సమాజంలో తొమ్మిదేళ్ళు రాజు వేషం కట్టాడు. ఆయన ఏ మతమో, ఏ ఊరో, ఎవరి పెనిమిటో, ఎప్పుడు పోయాడో మీకు తెలీదు. చితి మీంచి లేపడం మాత్రం తెలుసు." ఆవిడ గొంతు పెంచలేదు. "సీమోనూ, ఆ ఫొటో ఒకసారి దింపి తుడు బాబూ."

సీమోను ఫొటో దింపి భుజం మీది తువ్వాలుతో తుడిచి బల్ల మీద పెట్టాడు. నలుగురూ వంగారు. ఏలీయా కిరీటంతో, కత్తి పైకెత్తి నిలబడి ఉన్నాడు. కత్తి పట్టిన చేతి మణికట్టుకి, కంకణం పక్కన, పెద్ద స్టీలు వాచీ. ఫ్లాషు వెలుగంతా దాని అద్దం మీదే పడింది. ఫొటో కింది అంచున ముందు వరస కుర్చీలు. మొదటి కుర్చీలో, సోడా సీసా ఎత్తి పట్టుకుని, పక్కకి తిరిగి నవ్వుతున్న మనిషి మొహం స్పష్టంగా తెలుస్తోంది. జుట్టు నల్లగా ఉందంతే, మనిషి హేమంత్‌కుమారే.

"చితి మీంచి లేచొచ్చినవాడికి వాచీ ఎవరు కట్టారండీ?" అంది రాజరత్నం.

ఆవిడ వేలితో ఫొటోలోని ఆ వాచీ మీద తట్టింది.

"ఆ పూట భీమవరంలో తాపీ పని చేసి, మూడింటికి పని దిగి, బస్సులో నిలబడి ఆకివీడు వచ్చాడండి. ఐదుకి పది నిమిషాలుందనగా వేషం కట్టాడు. చేతులు చాపవయ్యా అని ఒక్కరంటే తీసేసేవాడు. అనాల్సిన మనిషి ముందు కుర్చీలో సోడా తాగుతున్నాడు. మా ఆయన కత్తి ఎత్తగానే జనంలోంచి కేకేశారు, 'టైమెంతయింది రాజుగారూ?' అని. ఆయన పద్యం మరిచిపోయాడు. జీవితంలో ఎప్పుడూ మరిచిపోని మనిషి! ఆ తర్వాత మళ్ళీ మొహానికి రంగు పూసుకోలేదు. పదకొండేళ్ళు గోడలు కట్టాడు. గోడ కట్టే చోట కూడా వాచీ రాజని పిలిచారు. మా అబ్బాయిని బళ్ళో వాచీ రాజు కొడుకన్నారు. ఆ ఇంటి కోడలు ఆదివారం స్టేజి ఎక్కుతోందండి. ఎక్కేముందు దాన్ని చూసే కళ్ళు ఎవరివో కనుక్కుందామని వచ్చాను. కనుక్కున్నాను."

హేమంత్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "అదేనండీ... ఆ వాచీ... నేనే కట్టించానండి. టైముకి రంగంలోకి దిగాలని..."

"ఊరుకోండి," అన్నాడు సీమోను. అంత మెత్తని మనిషి అంత కటువుగా అనడం ఆ కొట్టులో అంతకుముందు ఎవరూ వినలేదు.

విశ్వతేజ గంటని తనవైపు లాక్కున్నాడు. కుర్రవాడి మొహం ఎర్రబడింది. నవ్వినందుకు కావచ్చు. "మీరైతే ఏం చేస్తారండీ?" అని అడిగాడు రాజరత్నాన్ని.

"చెప్పడమెందుకండీ," అని ఆవిడ లేచి, చీర చెంగు దోపుకుని బల్ల ముందు నిలబడింది. "చేతులు చాపండి."

ఎవరినని అనలేదు. ఆ గొంతులో ఏముందో గాని, విశ్వతేజ చాపాడు. బెంచీ మీది నలుగురూ చాపారు. సీమోను తువ్వాలుకి తుడుచుకుని మరీ చాపాడు. ఆవిడ ఒక్కొక్కరి చేతులు తిప్పి చూస్తూ వచ్చింది. విశ్వతేజ వేలి ఉంగరం చూపించి, "రాజుకైతే ఉంచుతాను, బిచ్చగాడి వేషానికైతే తీయిస్తాను," అంది. ఒకతని గోళ్ళలో సున్నం చూసి, కడుక్కు రమ్మంది. అతను నిజంగానే లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

బల్ల చివరకు వచ్చేసరికి హేమంత్‌కుమార్ చేతులు కూడా చాచి ఉన్నాయి. ఎప్పుడు చాచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. మెత్తటి చేతులు. తాడు లాగినవీ కావు, తెర ఎత్తినవీ కావు. ఎడమ మణికట్టుకి బంగారు రంగు వాచీ మెరుస్తోంది.

"వాచీ తీసెయ్యండి," అంది రాజరత్నం.

ఇక్కడ నాటకమేముందండీ అనబోయి, ఆవిడ కళ్ళలోకి చూసి, ఆయన పట్టీ విప్పి వాచీని జేబులో వేసుకున్నాడు.

విశ్వతేజ లేచి నిలబడి, రెండు చేతులతో గంట అందించాడు. రాజరత్నం దాన్ని అందుకుని, సీమోను గోడకి ఫొటో తిరిగి తగిలించేదాకా ఆగి, మొదటి గంట కొట్టింది.