పడవలో పెళ్లి

ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్లకు బట్టలు కుట్టే ఆ తల్లి, మిషన్ ఆపి కొడుకు వైపు తిరిగింది.

“ఆదివారం పొద్దుగూకే యాళ్లకు హుస్సేన్‌సాగర్‌ల యాట్ మాట్లాడిన. పడవ మొత్తం మనకే. తిండి, కూల్‌డ్రింకులు అన్నీ గాడనే.”

“ఎవరిదన్న బర్త్‌డేనా అమ్మా?”

“కాదు బిడ్డా. నా పెండ్లి.”

అతనికి ముందు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

“ఎవరితోని?”

“జగదీశ్ సార్‌తోని. డబ్బింగ్ చెప్తడు గదా, ఆయన.”

“నాన్న పోయినంక, గీ వయసుల పెండ్లేందమ్మా? నలుగురేమంటరు?”

“తిన్నవా అని ఆ నలుగురు ఎన్నడన్న అడిగిన్రా? నువ్వడిగినవా? ఆయన రోజూ అడిగిండు.”



“నేను రానంటే?”

“గప్పుడు గూడ పెండ్లయితది. నువ్వు లేని పెండ్లయితది.”

అతను స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఎన్ని గంటలకు రావాలె?”