మోగని మెట్టు

సాయంత్రం కోడలి పియానో కచేరీ. పొద్దున ఆమె పియానో మూత తీసిన దగ్గర మొదలైంది గొడవ. అత్తగారు మాత్రం సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు.

"బాగుచేయించమని మిమ్మల్నెవరు అడిగారు అత్తయ్యా?"

"పియానోలో మూగబోయిన మెట్టు మోగితే మంచిదే కదమ్మా."

"మంచిదా? ఆర్నెల్లు కూర్చుని కట్టిన రాగ్‌టైమ్ పాటంతా ఆ మూగ మెట్టు మీదే ఉంది. ఎడమచెయ్యి గడియారంలా నడుస్తుంటే కుడిచెయ్యి తడబడ్డట్టు నటించాలి. ఆ మెట్టు మీద వేలు పడేది, మోగేది కాదు. ఆ ఖాళీలోనే ఊపంతా. ఇప్పుడు వినండి."

"వింటున్నా."

"ఎలా ఉంది?"

"కవాతులా ఉంది."

"చూశారా. కొంప ముంచారు."

"నేనా? సరే. సాయంత్రం కచేరీ జరిగే హాల్లో ఉన్న పియానోకి ఆ మెట్టు మోగుతుందా, మోగదా?"

"అక్కడి పియానోకా?"

"దానికేనమ్మా."

"మోగుతుంది."

"మరి?"

"అమ్మో. నాకు తట్టనే లేదు. సొంతంగా కట్టిన పాట వాయించమని మరీ పిలిచారు. అంతమందిలో పరువు పోయేది."

"అక్కడ పడేకన్నా ఇక్కడే పడు. మళ్ళీ వాయించు."

"రావట్లేదు. వేలు దానంతటదే పోయి అక్కడ పడుతోంది."

"నాలుగోవేలు మడిచేసుకుని దూకెయ్. వేలు పడకపోతే మోగేదేముంది?"

"దూకితే ఎడమచెయ్యి ఆగిపోతోంది."

"కుడిచేతి సంగతి ఎడమచేతికెందుకు? దాని మానాన దాన్ని పోనీ. ఊఁ, కానీ."

"ఆగండాగండి... వచ్చిందా?"

"సగం వచ్చింది. మళ్ళీ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు వచ్చింది. నా కాలు ఆడుతోంది చూడు."

"హమ్మయ్య. బతికించారు అత్తయ్యా. ఇందాక అన్నవన్నీ మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకుంటాను. ఆ దుప్పటి రెండో కొస పట్టుకో."

"పట్టుకుంటా గానీ, నాలుగోవేలని మీకెలా తెలుసు?"

"చూస్తుంటాగా."

"ఎక్కడ చూస్తారు? నేను పియానో ముందు కూర్చోగానే మీరు లోపలికెళ్ళి తలుపేసుకుంటారు. ఈ టకటకలు మీకు పడవని మీ అబ్బాయే చెప్పాడు."

"వాడికేం తెలుసు. సరిగ్గా పట్టుకో, మడత వంకరపోతోంది."

"మాట మార్చకండి. నాకే తట్టంది మీకెలా తట్టింది?"

"నిన్న ఆ హాలు మీదుగా వస్తూ లోపలికి తొంగిచూశాను. నేల తుడిచేవాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు. పియానో మూత తీసే ఉంది."

"ఉంటే?"

"కూర్చున్నాను."

"కూర్చుని?"

"కుడిచెయ్యి మాత్రమేనమ్మా. ఎడమచెయ్యి ఇంకా నా మాట వినట్లేదు. రోజూ నువ్వు ఆఫీసుకెళ్ళగానే మొదలెడతాను, అయినా ఆ గెంతులు దానికి రావట్లేదు."

"అత్తయ్యా. మీరు నా పాట వాయిస్తున్నారా?"

"మరి తలుపేసుకుని లోపలేం చేస్తాననుకున్నావు? తలుపు సందులోంచి నిన్ను చూస్తూ, బల్ల మీద వేళ్ళాడిస్తూ నేర్చుకున్నాను. నీ ముందు వాయించాలంటే సిగ్గు. నిన్న అక్కడ ఆ మెట్టు ఖంగుమంది. నా కోడలు రేపు ఇక్కడే బోర్లా పడుతుందనుకుని, పరుగున వచ్చి బాగుచేసే ఆయన్ని పిలిపించాను."

"ముందే చెప్తే పోయేదిగా."

"చెప్తే హాల్లో ఏం చేశావని అడుగుతావుగా."

"అడిగితే ఏం? వాయించారు, అంతేగా?"

"అంతే కాదు. వాళ్ళిద్దరూ చీపుళ్ళు పక్కనపెట్టి చప్పట్లు కొట్టారు. ఇంత బాగుంది, ఎవరు కట్టారమ్మా ఈ పాట అనడిగారు."

"ఏం చెప్పారు?"

"నేనే కట్టానన్నాను. సాయంత్రం వాళ్ళు కనబడితే కాస్త చూసీచూడనట్టు పో."