రోడ్డు మూల పది సెంట్లు

కృష్ణగిరి, 1963. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ముగ్గురు ఉన్నారు: దస్తావేజులు రాసే కేశవప్ప, గురుబరపల్లి నుంచి వచ్చిన గుర్రప్ప, అతని భార్య పిల్లమ్మ. భూమి పిల్లమ్మ పేరిట ఉంది.

"మళ్ళీ చదవండి కేశవప్పా. కడాన ఏమో పది సెంట్లంటిరే, ఆడనుంచి."

"అరవంలో రాసుండాది పిల్లమ్మా. చదివితే నీకేం తెలుస్తాది?"

"నేను పుట్టింది కల్లావిలో. ఆడ అరవం రాకుంటే ఉప్పు గూడా కొనేకి కాదు."

"ఇది దస్తావేజు అరవం, అది వేరే. నేనే చెప్తాను విను. ద్వారకనాథ్ గారు కరారు మీదే పని మొదలుపెట్టి, మామిడికాయలు చెడిపోకుండా దాచేకి కోల్డ్ స్టోరేజి కడతా ఉండారు గదా. దానికి నీ మూడెకరాలు క్రయం. ఇదొక పత్రం. రెండోది ఈ రోడ్డు మూల పది సెంట్లు. ఇది కరెంటాఫీసుకి దానం. ఆడ ట్రాన్స్‌ఫార్మరు పెడతారు."

"దానమా?"

"మాటకి దానం. జాగా వాళ్ళ పేరిటికి వస్తేనే వైరు లాగుతారు."

"ఆ పది సెంట్లు మాకే ఉంటాదని తై నెలలో, సంక్రాంతి అయినంక, కరారు రాస్తిరే. మీరే, ఈ చేత్తోనే."

"రాసినాను. కాదనలేదే."

"నా బిడ్డని పూడ్చిన రాయి ఉండాది ఆడ. నా చిక్కి ఉండాది ఆడ."

"మే, నిదానంగా మాట్లాడు. అందురూ చూస్తా ఉండారు."

"చూడనీ. మొగుడివై ఉండీ నువ్వు నోట్లో నీళ్ళు పోసుకొన్నట్టు నిలబడుకోనుండావు. నువ్వు చెప్పప్పా ఆయనకి, కాదని."

"నేనేం చెప్పేది? ఆయన చెప్పేది విను."

"విను పిల్లమ్మా. ఇది ఎవురి మొండితనమూ కాదు. ఆ మిషన్లు ఒక పూట నిలిస్తే లోపల సరుకంతా కుళ్ళిపోతాది. వాటికి తనిగా వేరే ట్రాన్స్‌ఫార్మరు కావాల. అది రోడ్డుకి ఆనుకోనే ఉండాలని ఇంజినీరు రాసిచ్చినాడు. ట్రాన్స్‌ఫార్మరు లేకుంటే కరెంటు లేదు. కరెంటు కాగితం చూపిస్తేనే మద్రాసు వాళ్ళు ద్వారకనాథ్ గారికి అప్పిస్తారు. ఆ అప్పు వస్తేనే నీకు మిగతా పైకం. నెలాఖరు దాటితే వాళ్ళ మంజూరే పోతాది."

"ఒకదాని తోక ఒకటి పట్టుకోనుండాది. కడాన ఇడిచిపెట్టేకి దొరికింది నా బిడ్డనా?"

"చట్టం అట్ల ఉండాది. నన్ను కోప్పడితే ఏమొస్తాది?"

"వేలిముద్ర వెయ్యకుంటే?"

"వాళ్ళు కరారు పట్టుకోని సేలం కోర్టుకి పోవచ్చు. అడ్వాన్సు వాపసు అడగొచ్చు."

"అడ్వాన్సు యాడుండాది పిల్లమ్మా? నీకీ బిడ్డకీ అమ్మోరు పోసినప్పుడు చేసిన బాకీలకే సరిపోయె. వేసేయి. రాయిని ఇంకో చోట నాటుకొందాం."

"రాయిని నాటుకొంటావు. బిడ్డనప్పా?"

"బిడ్డ మన్నులో కలిసిపోయింది. ఇంక యాడుంటే ఏమి?"

"ఏమంటివి?"

"ఏం లేదు."

"నిన్ను కట్టుకోని పన్నెండేండ్లు. గొర్రి చచ్చినా రెండు దినాలు కూడు ముట్టవు నువ్వు. బిడ్డ యాడుంటే ఏమంటావా?"

"ఊరికే ఎందుకు పెంచుతావు మాటని? ఆయన వేలికి మసి గూడా పూసేసినాడు. పెట్టేయి."

"పెట్టను. కేశవప్పా, మీరూ వినండి. బిడ్డ పోయినప్పుడు నాకూ కండ్లు తెరవకుండా అమ్మోరు పోసుండె. లేచుండినా పంపుతా ఉండ్లేదు, ఆడోళ్ళు పూడ్చేకాడికి పోకూడదంటారు. నెల దినాలకి లేచినాను. బిడ్డ యాడ అంటే, ఈయప్ప పిలుచుకోని పోయి రోడ్డు మూల రాయి చూపించినాడు. మూడేండ్ల బిడ్డకి ఎవురన్నా రాయి నాటతారా అని ఊరంతా నగిరి. నాకోసరం నాటినాడు పాపం అని నేను ఏడిస్తిని. ఆ పొద్దు నుంచి శనివారం తప్పకుండా పాలు పోస్తా ఉండాను. వానకి ఆడ నీళ్ళు నిలస్తా ఉంటే మన్ను పోసి ఎత్తు చేసినాను. నా చేత్తో మెత్తినాను."

"మన్ను పోస్తివా? ఎప్పుడు? నాకు చెప్పలేదే."

"నువ్వు హోసూరులో రాళ్ళు కొట్టేకి పోయింటివి. అన్నీ చెప్పే పోస్తానా?"

"సరే, సరే, ఇద్దురూ ఉండండి. పిల్లమ్మా, ఇంకో కాగితం ఉండాది. అప్పిచ్చేవాళ్ళ వకీలుకి ఇచ్చిన ప్రమాణ పత్రం. మూడెకరాల లోపల సమాధి లేదు, గుడి లేదు, ఎవురికీ నడిచే దారి హక్కు లేదు అని. దాంట్లో నీ వేలిముద్రే ఉండాది."

"వేసినాను. లోపల లేదు గదా, మూలలో గదా ఉండేది. అది నిజమే గదా."

"నిజమే."

"నిజమే అంటా ఈయప్ప ముఖం ఎందుకు చూస్తిరి?"

"నేనా? నేనేం చూడలేదే."

"చూస్తిరి. ఇదో, మళ్ళీ చూస్తా ఉండారు."

"కేశవప్పా, మీరు ఊరుకోండి."

"నేను తై నెల నుంచి ఊరుకోనే ఉండాను గుర్రప్పా. ఇంక నువ్వే చెప్పుకో."

"ఏమది? ఏం చెప్పాల? నన్ను చూసి చెప్పప్పా."

"మే, ఆడ ఏమీ లేదు."

"యాడ?"

"రాయి కింద."

"రాయి కింద ఏమీ లేదంటే?"

"చిక్కిని నడి చేన్లో పెట్టినాను. నువ్వు కలుపు తీసేటప్పుడు చీర కట్టి ఊపేదానివే, ఆ యాపచెట్టు కింద. బిడ్డకి అలవాటైన తావని ఆడ పెట్టినాను."

"చెట్టు కొట్టేసినారు గదా."

"కొట్టేసినారు."

"ఆడ గదా మిషన్‌కని గుంత తవ్వింది."

"ఆ."

"రాయి మూలలో ఎందుకు నాటితివి మల్ల?"

"వకీలు చెప్పినాడు పిల్లమ్మా. నడి మధ్యలో సమాధి ఉంటే అప్పిచ్చేవాళ్ళు ఆ భూమిని ముట్టరంట. రేపు బాకీ నిలిస్తే వేలంలో ఎవురూ కొనరంట. మూలలో ఉంటే, ఆ పది సెంట్లు తీసేసి మిగతాది తాకట్టు పట్టుకొంటారంట. బిడ్డని చేన్లో పెట్టినారని ఊర్లో అందురికీ తెలుసు. వాళ్ళ మనిషి వచ్చి అడిగితే ఎవురో ఒకరు చెప్పేస్తారు. అందుకని, నువ్వింకా పడుకోనుండగానే, ఆ మనిషి వచ్చే ముందు రోజు రాయి తెచ్చి మూలలో నాటినాను. కాగితానికి రాయే గదా లెక్క అనుకొన్నాను. పని మొదలయ్యేలోపల బిడ్డని తీసి మూలకి తెచ్చుకొందామనుకొన్నాను. నిజంగానే అనుకొన్నాను. హోసూరు నుంచి వచ్చి చూస్తే రెండాళ్ళ లోతు తవ్వేసినారు. సిమెంటు గూడా పోసేసినారు."

"అందుకేనా నువ్వు వచ్చిన దినం కూడు తినలేదు? కడుపునొప్పి అంటివి."

"ఆ."

"మీకూ తెలుసునా కేశవప్పా?"

"కరారు రాసినంక తెలిసింది. అప్పుడు నేను నోరు తెరిస్తే కరారే పోయుండును."

"మీ రాతకూలి పోయుండును."

"అను, పర్వాలేదు. నేను పడతాను. జరిగింది జరిగిపోయింది పిల్లమ్మా. ఒక విధంగా చూస్తే ఇప్పుడు సులువైంది. ఆ పది సెంట్లలో ఎవురూ లేరు. వట్టి రాయి. దాన్ని ఇచ్చేస్తే నీకు పాపం లేదు. రిజిస్ట్రారు భోజనానికి లేచేలోపల వేలు పెట్టు."

"వేసేయి పిల్లమ్మా. నన్ను ఇంటికి పోయి తిట్టు. కొట్టు. ఏమన్నా చెయ్యి."

"ఆ గుంత ఎవురు తవ్వినారో తెలుసునా నీకు?"

"మేస్త్రి ఆళ్ళు."

"తవ్వింది మొగోళ్ళు. మన్ను మోసింది ఆరుగురు ఆడోళ్ళు."

"నువ్వు ఆ పనికి పోతివా? ఇటికలు అందించేకి పోతా ఉండానంటివే."

"ఇటికలు తర్వాత. ముందు పదకొండు దినాలు ఆ గుంత మన్నే మోస్తిమి. తట్టలో తెల్లగా ఏమేమో కనపడతా ఉండె. సున్నపురాయి అనుకొంటిని."

"వద్దు పిల్లమ్మా. చెప్పొద్దు."

"విను. మిగతా వాళ్ళు అందురూ దూరంగా దిన్నెలో పోస్తా ఉండిరి. నేను మేస్త్రిని బతిమాలుకోని, నా తట్టలు మాత్రం వేరే తావుకి మోసుకోని పోయి పోస్తిని. మేస్త్రి తిట్టె. పోనీ అని పోస్తిని."

"యాడికి?"

"రాయి కాడికి. ఆడ నీళ్ళు నిలస్తా ఉండె, ఎత్తు చేసినానంటినే, ఆ మన్నే."

"రిజిస్ట్రారు లేస్తా ఉండాడు పిల్లమ్మా."

"ఈ మసి తుడుచుకొనేకి గుడ్డ ఉంటే ఇయ్యండి కేశవప్పా. ఆడోళ్ళు పూడ్చేకాడికి పోకూడదంటిరి గదా అందురూ. నా బిడ్డని ఆడ పూడ్చింది నేనే."