దొంక గట్టున వీరమ్మ తాటిచెట్లు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు. పొలాలకెళ్ళే ఆ బండిదారి దొంక మీద తాటిచెట్లు ఎవరివని కదూ అడిగావు? వీరమ్మవమ్మా. ఆవిడ పోయి అరవై ఏళ్ళు దాటింది. మన పర్చూరు చుట్టూ పొగాకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు లేస్తున్న రోజులు, యాభై ఒకటో రెండో. కప్పుకి దూలాలంటే తాటిమానే, పొయ్యిలోకీ అదే. ప్రభువు యాభై ఏళ్ళు పెంచినవి మనవాళ్ళు ఒక్కో పూటలో కొట్టేశారు, ఏం చెప్పను!

వీరమ్మ కూలిమనిషి, వెనకాముందూ ఎవరూ లేరు. ఆఖరి చెట్టు కింద రాలిన పళ్ళేరి, ముప్పై టెంకలు దొంక గట్టున పాతింది. తేగలకైతే అందరూ ఒక్కచోట పాతరేస్తారా, ఈవిడ బారకొకటి, ప్రార్థన చేసుకుంటూ పాతింది. "ఏమే, కాపుకి పదిహేనేళ్ళు పడుతుంది, అప్పటికి నువ్వుంటావా?" అని రైతు పానకాలు ఎకసెక్కం. "నేనెందుకయ్యా ఉండటం? చెట్టుంటే చాలదూ?" అంది.

ఇక ఆవిడ పక్కింటి జక్రయ్య. నవ్వితే పళ్ళన్నీ కనపడేవి, మంచి మనిషి. పొదిలి వైపు కూలికెళ్ళి సంక్రాంతి దాటాక వచ్చాడు. పెళ్ళాం ఎలీసమ్మకి ఆరో నెల, తేగలు తినాలని ఒకటే కోరిక. చెట్లే లేకపోతే తేగలెక్కడివి? దొంకలో మొలకలు చూశాడు. ఎవరో పాతి మరిచారనుకుని పలుగేసి తవ్వాడు. గంప నిండిందని ఆపాడు కాబట్టి మూడు మిగిలాయి. కాల్చిపెడితే ఆ పిల్ల పీచు కూడా వదల్లేదట!

తెల్లారి వీరమ్మ ఆ గుంటల ముందు కూలబడింది. జక్రయ్యకి అప్పుడు తెలిసింది. "పెద్దమ్మా... నేనే" అన్నాడు. ఆవిడ గుంటలోకి మట్టి తోస్తూ, "తియ్యగా ఉన్నాయట్రా?" అంది.

"ఉన్నాయంట పెద్దమ్మా."

"పోనీలే, బిడ్డ తిన్నట్టే. ఆ మూడిటికీ కంప కట్టు, మేకలు మేస్తాయి. నేను రేపోమాపో పోతాను."

అంతే. ఒట్టు కూడా వేయించుకోలేదు. మరుసటేడే పోయింది. జక్రయ్య ఏటా తుమ్మకంప కట్టాడు. లారీ తిరగడానికి అడ్డమని బ్యారన్ వాళ్ళు పీకబోతే, "నా మీంచి తిప్పుకోండి" అని అడ్డంగా పడుకున్నాడు. ఒకటి ఎండింది. మిగతా రెండిట్లో ఒకటి కాయని పోతు, ఒకటి కాసే పెంటి. అదైనా పదహారేళ్ళకి గాని తెలియలేదు.

అరవై ఎనిమిదిలో మొదటి పండు రాలింది. ఆనాడు ఎలీసమ్మ కడుపులో ఉన్న పిల్ల పండు తిని, టెంకలు తేగలకి దాచబోయింది. జక్రయ్య వాటిని చేతిలోంచి మెల్లిగా తీసుకుని, "నీ వంతు తేగలు నువ్వు పుట్టకముందే తినేశావమ్మా" అని దొంక వైపు నడిచాడు.

అదర్రా. ఈ వానలకి మీరూ ఒక్క టెంక పాతండి, తవ్వకండి. ఎవరు నేర్పారని అడిగితే వీరమ్మ అని చెప్పండి, వాళ్ళతోనూ ఒకటి పాతించండి.