కహ్కషాన్ మేడం చెప్పిన రెండు పిలుపులు

అమ్మలారా, అయ్యలారా, మేడం దగ్గర చదువుకున్న పిల్లలారా! ఇంత ఎండలో కురవి నుంచి, గూడూరు నుంచి కూడా వచ్చారు. సుగ్రా బేగం అమ్మా, మీ బిడ్డ పోయిందంటే మా మానుకోట కాలేజీలో ఎవరికీ నమ్మబుద్ధి కావడం లేదు. నేను ఉపేందర్‌ని. ఆమె పక్క గదిలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి.

రోగాల నుంచి ఒంటిని కాపాడే టీ కణాలనే తెల్లరక్తకణాలు ఆ ఒంటినే ఎందుకు కొరకవు? కహ్కషాన్ మేడం పీహెచ్‌డీ ఈ ప్రశ్న మీదే. నాకు అర్థంకాక బిక్కమొహం వేస్తే నవ్వారు. "సార్, మీ ఇండ్లల్ల పెండ్లికి ఉత్త పత్రిక ఇచ్చిపోతే ఆడోళ్లు వస్తరా? బొట్టు పెట్టి పిలవాలె గద! టీ కణం గూడ గంతే. ఎదుటిదాన్ని గుర్తువట్టుడు పత్రిక. పక్క కణం ఇచ్చే రెండో సైగ బొట్టు. అది రాకుంటే అలిగి కూసుంటది. మళ్లొచ్చి బొట్టు పెట్టినా లేవది." మన సొంత కణాలు ఎదురైనప్పుడు ఆ బొట్టు అందదనీ, ఆ అలకే మనకు రక్ష అనీ, శాస్త్రంలో దాన్ని సహనం అంటారనీ చెప్పారు. మా ఆడవాళ్ల అలకలు ఆమెకు ఎంత బాగా తెలుసు!

అయ్యో, ఆ సహనమే ఆమె ఒంట్లో తప్పిపోయింది. లూపస్ అనే జబ్బు. తెలిసేసరికే కిడ్నీలు చెడిపోయాయి.

నా బిడ్డ రుచిత చెంపల మీద ఎర్రమచ్చలు వస్తే ఎండకు కందిందనుకుని పసుపు రాశాం. మేడం చూసి, స్టాఫ్‌రూంలో అందరి ముందే నన్ను కడిగేశారు. "పసుపు బంద్ వెట్టి దవాఖానకు తోల్కపోండ్రి!" పరీక్ష చేస్తే అదే జబ్బు. కానీ మొదట్లోనే దొరికింది. మాత్రలతో అదుపులో ఉంది.

ఉంది అన్నానా? మేడం పోయిన రోజు నుంచి రుచిత మాత్ర ముట్టడం లేదు. "గంత చదివిన మేడమే బతకలే, నేనెట్ల బతుకుత?" అంటోంది. నేను చెప్పాను. తల్లి చెప్పింది, డాక్టర్ చెప్పాడు. వినదు.

బిడ్డా రుచితా, నలుగురిలో అంటున్నానని కోపం తెచ్చుకో, పర్వాలేదు. మేడానికి ఆలస్యంగా తెలిసింది. నీకు ఆ ఆలస్యం కానివ్వలేదు ఆమె. ఆ కష్టాన్ని మట్టిలో పోస్తవా? ఒక్క చావు చాలదా మనకు? మాత్ర మీ అమ్మ చేతిలోనే ఉంది.

అదుగో, సుగ్రా బేగం అమ్మ లేచారు. నీళ్ల గ్లాసు పట్టుకుని నీ దగ్గరికే వస్తున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, రుచితా! ఆమె చేతిని ఉత్తగ పంపకు.

వేసుకుంది.

లేవండి. అందరం లేద్దాం. మేడం కోసం కాసేపు మాట లేకుండా నిలబడదాం.