స్తూపం దాకా నేను గీసిన గీత

"వాడి మీద నాకు ఏడుపేంటండీ? రేపు స్తూపం దగ్గర సైకిల్ దారికి రిబ్బన్ కత్తిరించేది మా తోడల్లుడే, నాకు సంతోషమే. రోడ్ల ఆఫీసులో ప్లాన్లు గీస్తాడు, గీసుకోనీ. పేపర్లో వాడి ఫొటో వస్తే మా ఆవిడ జాగ్రత్తగా కత్తిరించి తెచ్చి, 'మా బావగారిది, మంచి ఫ్రేము కట్టండి' అని నా చేతిలో పెట్టింది. కట్టాను. బంగారు రంగుది అడిగింది గానీ, అయిపోయిందని అబద్ధం చెప్పి నల్లది కట్టాను. కానీ ఒక్క మాట చెబుతున్నా వినండి. ఆ దారి వాడిది కాదు. నాది."

ఫ్రేముల కొట్టాయన తన కొట్టు పక్కనే ఉన్న టీ బండి దగ్గర, బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పోస్ట్‌మాన్, మంగలి చెరోపక్కా ఉన్నారు. టీ బండి ఆవిడ పాలు కాస్తోంది.

"మీదెలా అవుతుంది?" అన్నాడు పోస్ట్‌మాన్.

"చెప్తా. ఇదివరకు స్తూపం దగ్గరికి సైకిల్ మీద వెళ్ళగలిగేవాళ్ళా? చుట్టూ బస్సులు, లారీలు. పార్కు దారి ఇవతలే ఆగిపోయేది, ఏటిగట్టు దారి అవతలే ఆగిపోయేది. సైకిల్ని చంకనెత్తుకుని రోడ్డు దాటాలి. ఒకరోజు నేను కొట్టుకి వెల్ల వేయిద్దామని సున్నం బస్తా కొని క్యారియర్ మీద పెట్టుకున్నా. బస్తాకి చిల్లు. నేను చూసుకోలేదు. పార్కు నుంచి స్తూపం దాకా వెనకాల తెల్లటి గీత పడుతూనే ఉంది, దారం పట్టుకుని గీసినట్టు. మర్నాడు మావాడు వచ్చి ఆ గీత వెంబడి టేపు పట్టుకుని దోగాడాడు. అదీ వాడి ప్లాను."

"బస్సుల మధ్యలోంచి తిన్నగా ఎలా పోయారు?" అన్నాడు మంగలి.

"మధ్యలోంచి ఎందుకు పోతాను? ఒక బస్సు అడ్డమొచ్చింది. తలొంచి కిందనుంచి దూరిపోయా. డ్రైవరు దిగి నమస్కారం పెట్టాడు. మావాడైతే సైకిలెక్కే ముందు ప్యాంటుకి క్లిప్పు పెట్టుకుంటాడు, మా ఆవిడకి అదీ గొప్పే. ఎంత పద్ధతో చూడండీ అంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్తూపం మెట్లొచ్చాయి. బ్రేకు పడలేదు. మెట్లెక్కేసింది సైకిలు. మెట్లయ్యాక స్తంభమే కదా, అదీ ఎక్కేసింది, తీగ చుట్టుకున్నట్టు గిరగిరా తిరుగుతూ. పైనున్న రాతిగుర్రం నన్ను చూసి పక్కకి జరిగింది. ఇప్పటికీ కాస్త పక్కకే ఉంటుంది, గమనించండి."

"పావురాలు కూర్చుని కూర్చుని జరిగుంటుంది," అన్నాడు పోస్ట్‌మాన్.

"మీరు వినండి. పైనుంచి చూస్తే అవతల ఏటిగట్టు దారి కనబడింది. ఒక్క తొక్కు తొక్కా. ఏటిమీద పడ్డా. అంత జోరులో చక్రం మునుగుతుందా? చువ్వలు కూడా తడవలేదు. సున్నం మాత్రం నీళ్ళమీద గీతలా నిలబడిపోయింది. ఇప్పుడు సైకిల్ దారికి కట్టిన వంతెన ఉన్నది సరిగ్గా దాని మీదే."

"ఇదంతా మీ ఆవిడ చూసిందా?" అన్నాడు మంగలి.

"ఎక్కడ చూస్తుంది? అప్పుడు వాళ్ళక్కతో ఫోన్లో ఉంది. బావగారికి ఆఫీసులో ఏం పేరొచ్చిందో వింటోంది. నేను గాల్లో ఎగిరినా సరే, వాడు నేలమీద నడిస్తేనే ఆవిడకి ముద్దు. రేపు నన్ను కూడా రమ్మంటోంది, వాడి పక్కన నిలబడి ఫొటో దిగాలట. నేను పోను."

టీ బండి ఆవిడ పాలగిన్నె దించింది. "అంత తిన్నగా గీశావు కదన్నా, మరి దారి ఇక్కడికొచ్చేసరికి నీ కొట్టు ముందుకి ఎందుకు వంకర తిరిగింది?"

"అది వాడి చేతకానితనం చెల్లెమ్మా. చూసి రాయడం కూడా రాదు."

"కాదన్నా. రోడ్ల ఆఫీసులో ఈ దారి గురించి పెట్టిన మీటింగులకి టీ నేనే పట్టుకెళ్ళేదాన్ని. తిన్నగా అయితే గోడౌన్ల వెనకనుంచి పోవాలి. అందరూ అదే చాలన్నారు. మీ తోడల్లుడుగారు ఒక్కరే ఒప్పుకోలేదు. అక్కడ మనుషులు తిరగరు, ఆడపిల్లలు భయపడతారు, కొట్ల ముందునుంచి వేద్దామని పట్టుబట్టి సాధించారు. అది నిజమే. కానీ బయటికొచ్చాక నాతో ఇంకో మాటన్నారు. 'మా తమ్ముడి కొట్టుకి గిరాకీ లేదమ్మా. స్తూపం దగ్గర ఫొటోలు దిగినవాళ్ళు ఇటు వస్తే నాలుగు ఫ్రేములు అమ్ముడవుతాయి. వాడికి మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు."

ఫ్రేముల కొట్టాయన కాలు కిందికి దించి, కొత్తగా పరిచిన ఆ వంపు వైపు చాలాసేపు చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"చూశారా వాడి బుద్ధి?" అన్నాడు చివరికి. "పేరు వాడికే, ఫొటో వాడికే, మా ఆవిడ మెప్పూ వాడికే. వాడి మీద కుళ్ళుకోవడం ఒక్కటే నాకు మిగిలింది. అదీ ఉండనివ్వలేదు."